పొలం పనికి మడత చాకు: కొనే ముందు ఏం చూడాలె?

(వానకాలం పనులు మొదలయ్యే ముందు జగిత్యాల వైపు రైతుల సమావేశంలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగం)



మన మీటింగుల్లో ఎప్పుడూ మద్దతు ధర, కరెంటు, విత్తనం, అప్పుల గురించే మాట్లాడుతం. అవి మాట్లాడాల్సిందే. ఇయ్యాల మాత్రం మీ అందరి జేబుల్లో ఉన్న ఒక చిన్న వస్తువు గురించి మాట్లాడుదం. ఇక్కడ కూసున్నోళ్లలో జేబులో మడత చాకు ఉన్నోళ్లు చేతులెత్తండి. సగం మందికి పైనే ఉన్నరు. ఇప్పుడు ఆ చాకు కొని రెండేండ్లు దాటినోళ్లు మాత్రమే చేతులు ఎత్తి ఉంచండి. చూసిండ్రా, ముగ్గురు నలుగురే మిగిలిండ్రు. ఇయ్యాల మనం మాట్లాడేది ఇదే.

పోయిన పత్తి సీజన్‌ల మా సంఘం సభ్యుడు ఒకాయన డ్రిప్ పైపు కోస్తున్నడు. జాతరలో నలభై రూపాయలకు కొన్న చాకు. పైపు గట్టిగ ఉన్నదని మొనతోని పొడిచిండు. ఆ చాకుకు లాకు లేదు. బ్లేడు వెనక్కి మడుసుకొని చూపుడు వేలి మీద పడ్డది. నెత్తురు ఆగింది, కుట్లు పడ్డయ్, కానీ నరం తెగింది. ఆ వేలు ఇయ్యాలటికి పూర్తిగ ముడుసుకోదు. ఆ సీజన్ మొత్తం పత్తి ఏరుడుకు ఆయన చెయ్యి పనికి రాలేదు, కూలోళ్లను పెట్టుకున్నడు. నలభై రూపాయల చాకు ఆయనకు ఎన్ని వేలు పడ్డదో మీరే లెక్క గట్టుకోండి. వేలు పోయిన లెక్క ఏ కాగితం మీదా రాయలేం.

అందుకే చాకు కొనుడంటే ధర ఒక్కటే చూసుడు కాదని చెప్తున్నం. చేతిని కోయకుండా, పని ఆపకుండా ఎన్నేండ్లు ఉంటదో చూసుడే అసలు లెక్క.

కొడవలి ఉండంగ చాకు ఎందుకు?

కొడవలి, గొడ్డలి ఇంట్ల ఉంటయ్, పనున్న రోజే తెస్తం. చాకు రోజూ మన వెంట ఉండాలె. బండి మీద పోయేటప్పుడు కొడవలి పట్టుకొని పోవుడు ప్రమాదం. మడత చాకు మూసి జేబులో ఏసుకుంటే ఎవరికీ తగలదు. యూరియా బస్తా సుతిలి కోయాలె, వడ్ల బస్తా మూతి కట్టాలె, డ్రిప్ పైపు సాపుగ కోయాలె, మామిడికి అంటు కట్టాలె, కాయను తొడిమెతోని కోయాలె. తొడిమె లేకుండా తెంపితే సొన కారి కాయ మీద మచ్చలు పడుతయ్, మార్కెట్ల ధర తగ్గిస్తరు. మామిడి తోటలున్న మన జగిత్యాల వాళ్లకు ఈ ముచ్చట కొత్తగ చెప్పేది లేదు.

పత్తి రైతులకు చాకు పురుగును చూసే పనిముట్టు కూడ. గులాబీ రంగు పురుగు కాయ లోపల ఉంటది, బయటికి కనపడదు. ఎకరానికి ఇరవై పచ్చికాయలు అక్కడక్కడ తెంపి కోసి చూడాలె. రెండు కాయల్ల పురుగు కనపడితే, అంటే పదింట ఒకటి, అప్పుడు మందు కొట్టే టైమొచ్చినట్టు. కోసి చూడకుండా పక్క చేన్ల కొట్టిండ్రని మనం కూడ కొడితే పైసలు దండుగ. పదును లేని చాకుతోని కాయను నలిపితే పురుగు ఉన్నదా లేదా తెల్వదు. మంచి చాకు ఒక్క స్ప్రే తప్పించినా దాని ధర అక్కడ్నే ఎల్లిపోతది.

ఇంకొకటి, పశువు పానం. 2022 జులైలో కడెం ప్రాజెక్టుకు దాని సామర్థ్యాన్ని మించిన వరద వచ్చింది. కింది ఊర్లను ఖాళీ చేయించిండ్రు. అసొంటి సమయంల కొట్టంల కట్టేసిన ఎద్దు, బర్రె ఏం కావాలె? తడిసిన తలుగు ముడి చేతితోని ఊడదు. పశువు బెదిరి గుంజుతుంటే ఇంకింత బిగుసుకుంటది. అప్పుడు ఒక్క కోతకు తెగే చాకు జేబుల ఉండాలె. చిలుము పట్టి తెరుచుకోని చాకు ఉన్నా లేనట్టే.

కొనేటప్పుడు ఏం చూడాలె?

మొదటిది లాకు. తెరిచినంక బ్లేడు కదలకుండా పట్టి ఉంచేదే లాకు. కొన్ని చాకులకు వెనుక స్ప్రింగు మాత్రమే ఉంటది. సుతిలి కోసుడుకు, కాయ కోసుడుకు అది నడుస్తది. మొనతోని పొడిచే పని, బలం పెట్టే పని ఉన్నోళ్లు లాకు లేని చాకు కొనొద్దు. దుకాణంలనే తెరిచి, వేళ్లు బ్లేడు దారిల లేకుండా పట్టుకొని, చాకు వీపును చెక్క మీద మెల్లగ తట్టండి. మడుసుకున్నదా, వద్దని తిరిగి ఇచ్చేయండి.

లాకంటే పెద్ద మిషన్ ఏం కాదు. ఫ్రాన్స్ దేశంల సవోయ్ అనే కొండల ప్రాంతం ఉన్నది. అక్కడ 1890లో ఒపినెల్ అనే కుటుంబం పల్లె జనం కోసం చెక్క పిడి మడత చాకు తయారు చేసుడు మొదలు పెట్టింది. 1955లో దానికి ఒక ఇనుప రింగు చేర్చిండ్రు. చాకు తెరిచి రింగును తిప్పితే బ్లేడు మడుసుకోదు, అంతే. ఇయ్యాలటికీ అదే నమూనా నడుస్తున్నది. రైతు చేతికి తగ్గట్టు ఆలోచిస్తే పరిష్కారం ఇంత సాదాగ ఉంటది.

రెండోది కీలు. బ్లేడు తిరిగే చోట ఉండే రివిటునో, స్క్రూనో చూడండి. చాకు తెరిచి బ్లేడును అటూ ఇటూ ఊపండి. కొత్త చాకే ఊగితే ఆర్నెల్లకు ఊడిపోతది. స్క్రూ ఉంటే మంచిదే, వదులైతే మనమే బిగించుకోవచ్చు. మూసినప్పుడు మొన బయటికి పొడుసుకొచ్చి ఉండొద్దు, జేబును, తొడను కోస్తది.

మూడోది ఉక్కు. దుకాణంల మెరుపు చూపిస్తరు. మెరుపు పదును కాదు. మన పనికి వచ్చేది రెండు రకాలు. ఒకటి మామూలు కార్బన్ ఉక్కు. ఇది తొందరగ పదునెక్కుతది, మన సాన రాయి మీదనే నూరుకోవచ్చు. తడి తగిలితే మాత్రం చిలుము పడుతది, తుడిచి నూనె రాయాలె. రెండోది స్టెయిన్‌లెస్. బురదకు, ఎరువుకు, మామిడి సొనకు ఓర్సుకుంటది. కానీ నూరుడు కష్టం, అగ్గువ రకమైతే పదును నిలువదు. రోజూ తుడుసుకునే ఓపిక ఉన్నోళ్లు కార్బన్ ఉక్కు తీసుకోండి. నాట్లల్ల, బురదల తిరిగేటోళ్లు, మర్చిపోయేటోళ్లు మంచి రకం స్టెయిన్‌లెస్ తీసుకోండి. అయస్కాంతం అంటుకుంటే స్టెయిన్‌లెస్ కాదని కొందరంటరు. అది అన్నం తినే పళ్లేలకు సరిపోయే మాట. చాకులకు వాడే స్టెయిన్‌లెస్‌కు అయస్కాంతం అంటుకుంటది.

నాలుగోది కొలత. బ్లేడు మూడు అంగుళాలు ఉంటే పొలం పనికి చాలు. మరీ పల్చగ ఉంటే వంగుతది, మరీ మందం ఉంటే అంటు కట్టుడుకు పనికి రాదు. రెండు మూడు మిల్లీమీటర్ల మందం సరిపోతది.

ఐదోది పిడి. చెమట చేతిల, తడి చేతిల జారకుండా పట్టుండాలె. చెక్క పిడి మంచిది, పగిలితే మనమే మార్చుకుంటం. పిడికి తాడు ఏసే రంధ్రం ఉండేటట్టు చూడండి. దానికి ఎర్ర గుడ్డ పేలిక కట్టుకుంటే చేన్ల పడ్డా దొరుకుతది. అక్కలారా, చెల్లెళ్లారా, మీకు ఇది ఇంకా ముఖ్యం. కోతలల్ల, పత్తి ఏరుట్ల సగానికి పైగా పని మీదే, కానీ చాకులన్నీ మొగోళ్ల జేబును చూసి చేసినయే. తాడు కట్టి నడుముకు ఏసుకునే చాకు తీసుకోండి. మీ గోరుతోని తెరుచుకుంటదా లేదా దుకాణంలనే తెరిచి చూడండి. ఇంటాయన తెచ్చిందే వాడాల్నని ఏం లేదు.

బటన్ నొక్కంగనే ఎగిరి తెరుచుకునే చాకులు మన పనికి వద్దు. వాటి స్ప్రింగు మట్టికి తొందరగ పాడైతది, జేబులో తెరుచుకుంటే మనకే గండం. పది పనిముట్లు ఒక్కదాంట్లనే ఉన్న అగ్గువ చాకులు కూడ వద్దు, వాటిల ఒక్కటి కూడ గట్టిగ ఉండదు. చాకు పెట్టుకుంటే పోలీసోళ్లు పట్టుకుంటరా అని కొందరు తమ్ముళ్లు అడుగుతున్నరు. ఆయుధాల చట్టం కింద లైసెన్సు నిబంధనలు తొమ్మిది అంగుళాల కంటే పొడుగు, రెండు అంగుళాల కంటే వెడల్పు బ్లేడున్న కత్తుల గురించి చెప్తయ్. వ్యవసాయానికి, ఇంటి పనికి చేసిన వాటిని అందులో నుంచి తీసేసిండ్రు. మూడు అంగుళాల పని చాకుకు భయం లేదు. అట్లని సభలకు, పెండ్లిళ్లకు, తాగే కాడికి మాత్రం తీసుకపోకండి. అది పొలం వస్తువు.

వాడుకునే పద్ధతి

చాకును స్క్రూడ్రైవర్ చేయొద్దు. డబ్బా మూతలు ఎత్తొద్దు. స్టార్టర్ పెట్టెల, ట్రాన్స్‌ఫార్మర్ కాడ చాకు పెట్టుడంటే సావును పిలుసుడే. ఇనుప చాకుకు కరెంటు తోవ ఇస్తది, చెక్క పిడి తడిగ ఉంటే అది కూడ ఇస్తది. వైరు తోలు తీయాలంటే ముందు మెయిన్ బంద్ చేయాలె, కరెంటు లేదని టెస్టర్‌తోని చూసుకోవాలె. ఫ్యూజు ఏయబోయి పోయినోళ్లు మన ఊర్లల్ల ఎంతమందో మీకు నేర్పేది లేదు.

పురుగుమందు ప్యాకెట్ కోసిన చాకుతోని మామిడిపండు, ఉల్లిగడ్డ కోసుకునుడు మనకు అలవాటు. ఈ అలవాటు ఇయ్యాల్టి నుంచి బంద్ చేద్దం. మందు పనికి ఒక పాత బ్లేడు కొట్టంల వేరేగ పెట్టుకోండి. జేబు చాకును దానికి తాకించొద్దు.

సాయంత్రం ఇంటికొచ్చినంక చాకును కడిగి, తుడిచి, కీలు కాడ ఒక్క చుక్క కుట్టు మిషన్ నూనె ఏయండి. వారానికొకసారి నూరండి. కల్లు గీసే గౌడన్నలను చూడండి, చెట్టెక్కే ముందు కత్తి నూరకుండా మోకు పట్టరు. నూరేటప్పుడు చాకు వీపును రాయి మీద నుంచి మూడు నాలుగు రూపాయి బిళ్లలు పెట్టినంత ఎత్తు లేపి, రెండు దిక్కులా సమానంగ గుంజండి. మిషన్ చక్రం మీద సాన పట్టించేటప్పుడు పక్కనే నిలబడి చూడండి. బ్లేడు వేడెక్కి నీలం రంగు తిరిగితే ఉక్కు మెత్తవడ్డట్టే, ఇగ పదును నిలువదు. మధ్య మధ్య నీళ్లల్ల ముంచుమనండి.

చెయ్యి తెగితే మట్టి, పసుపు, కాఫీ పొడి అద్దొద్దు. శుభ్రమైన నీళ్లతోని కడిగి, శుభ్రమైన గుడ్డతోని గట్టిగ ఒత్తి పట్టి, దగ్గర్ల ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోయి ధనుర్వాతం సూది ఏయించుకోవాలె. వేలు ముడుసుకోకపోయినా, తిమ్మిరెక్కినా నరం తెగి ఉంటది, పెద్ద దవాఖానకు అదే రోజు పోవాలె. మా సభ్యుడు రెండు రోజులు ఆగిండు.

మన నేల ఉక్కు

ఇప్పుడు ఒక ముచ్చట చెప్పాలె. మెట్‌పల్లి దాటి నిజామాబాద్ దిక్కు పోతే కమ్మర్‌పల్లి దగ్గర కోనసముద్రం అనే ఊరున్నది. రెండు వందల ఏండ్ల కింద ఆ ఊరి కొలుముల ఉక్కు కోసం పర్షియా దేశం నుంచి వర్తకులు వచ్చేటోళ్లు. ఇనుమును మట్టి మూసలల్ల పెట్టి మూసేసి, తిత్తులు ఊది కరిగించి మన కమ్మరోళ్లు ఉక్కు గడ్డలు తీసేటోళ్లు. వాయిసీ అనే ఇంగ్లీషు డాక్టరు ఆ కొలుములు చూసి రాసిన వివరం 1832లో అచ్చయింది. ప్రపంచం ఆ ఉక్కును ‘వూట్జ్’ అన్నది. మన ‘ఉక్కు’ మాటే వాళ్ల నోట్ల అట్ల మారిందని పండితులు చెప్తరు. కరెంటు శాస్త్రంల పేరు పొందిన మైకేల్ ఫారడే 1820 ప్రాంతంల లండన్‌ల ఈ ఉక్కు గుట్టు తెలుసుకుందామని పరీక్షలు చేసిండు. ఆయనకు తోడు నిలిచింది ఎవరు? స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారు. వాళ్లకు కావాల్సింది కూడ పదును నిలిచే కత్తే.

అసొంటి నేల మీద ఉండి మనం ఇయ్యాల పేరు లేని, ఊరు లేని రేకు చాకులు కొని నెలకొకటి పారేస్తున్నం. గొప్పలు చెప్పుకునేందుకు ఈ ముచ్చట తీయలేదు. పని తెలిసిన కమ్మరోళ్లు ఇంకా ఊర్లల్ల ఉన్నరని గుర్తు చేసేందుకు తీసినం. లారీ కమాను పట్టీ ముక్క తీసుకపోతే కాల్చి, సాగగొట్టి, నీళ్లు పట్టించి మంచి కత్తి చేసి ఇస్తరు. ఆ పట్టీల ఉక్కు గట్టిదే, పదును నిలుస్తది. మడత చాకుకు కీలు, లాకు చేసుడు అందరితోని కాదు. కానీ విరిగిన చాకుకు కొత్త పిడి, వదులైన చాకుకు కొత్త రివిటు ఏయగలరు. ఉట్నూరు, జైనూరు సంతల్ల కొన్నా, కరీంనగర్ దుకాణంల కొన్నా, కొనే ముందు మీ ఊరి కమ్మరాయనకు ఒకసారి చూపియ్యండి. ఆకురాయి గీకి ఉక్కు గట్టిదా మెత్తదా నిమిషంల చెప్తడు.

ఒకప్పుడు ఏడాదికి ఇంత అని వడ్లు కొలిచి కమ్మరోళ్లకు ఇచ్చేటోళ్లం. వరికోత మిషన్లు వచ్చినంక కొడవళ్ల పని తగ్గింది, కొలుములు చల్లారినయ్. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంల కమ్మరి పని కూడ ఉన్నది. పనిముట్లకు 15 వేల రూపాయలు, రెండు విడతలుగ 3 లక్షల దాక 5 శాతం వడ్డీకి అప్పు అని రాసిండ్రు. మీ ఊరి కమ్మరాయనకు ఆ దరఖాస్తు పెట్టించే బాధ్యత మన సంఘం గ్రామ కమిటీలు తీసుకోవాలె. ఆయన కొలిమి నిలిస్తేనే మన పనిముట్టు నిలుస్తది.

సర్కారును అడిగేది

కొడవలి, పార, గొడ్డలి, తోట కత్తెర్ల మీద జీఎస్టీ లేదు. అవి వ్యవసాయ చేతి పనిముట్లని లెక్క. కానీ చాకు వేరే వరుసల పడ్డది. కొమ్మలు కత్తిరించే చాకు కూడ ఆ వరుసలనే ఉన్నది. 2022 జులై 18 నుంచి ఆ వరుస మీద పన్నును 12 శాతం నుంచి 18 శాతానికి పెంచిండ్రు. రెండు వందల చాకుకు ముప్పై ఆరు రూపాయల పన్ను. కత్తెరతోని కొమ్మ కోస్తే వ్యవసాయం, చాకుతోని కోస్తే కాదా? అంటు కట్టే చాకు, కొమ్మలు కోసే చాకు కొడవలి వరుసల పెట్టాలె. ఇది మన డిమాండు.

రెండోది. యాంత్రీకరణ అనంగనే సర్కారుకు ట్రాక్టరు, రోటవేటరు కనపడుతయ్. ఎకరం, రెండెకరాల రైతుకు, కూలి పనికి పోయే అక్కకు రోజూ చేతిల ఉండే పనిముట్టు కనపడది. నాణ్యమైన చేతి పనిముట్లను కూడ సబ్సిడీ జాబితాల చేర్చాలె.

మూడోది మన మీద ఉన్నది. పంట ఖర్చు లెక్క గట్టేటప్పుడు ధరల కమిషన్ పనిముట్ల తరుగుదలను కూడ కలుపుతది. మన దగ్గర బిల్లు ఉండది, రాసుకున్నది ఉండది. ఏడాదికి ఎన్ని చాకులు, కొడవళ్లు, పారలు కొన్నమో అడిగితే తెల్లమొఖం ఏస్తం. ఇయ్యాల్టి నుంచి చిన్న వస్తువుకైనా బిల్లు అడగండి, నోటుబుక్కుల రాయండి. బిల్లుంటే పాడైన చాకు తిరిగి ఇచ్చే హక్కు కూడ ఉంటది.

ఇంటికి పోయినంక ఒక్క పని చేయండి. మీ జేబుల చాకు తీసి చూడండి. లాకు పడుతున్నదా, కీలు ఊగుతున్నదా, సుతిలి ఒక్క కోతకు తెగుతున్నదా? బాగుంటే నూనె ఏసి నూరి పెట్టుకోండి. ఊగుతుంటే కమ్మరాయన దగ్గరికి తీసుకపోండి. మడుసుకొని వేలు మీద పడే చాకు ఉంటే మాత్రం పిల్లలకు ఆడుకునేందుకు ఇయ్యకండి, పాత ఇనుముల ఏయండి. వచ్చే నెల మీటింగుల మళ్ల చేతులెత్తమని అడుగుతం.

సెలవు.